బెత్తం తీసేశారు సరే, ఆ చోట్లో ఏం పెట్టారు?

ఈ ఎపిసోడ్‌ని ఒక వీడియోతో మొదలుపెడదాం. 2025 మార్చిలో వచ్చింది, మీ ఫోన్‌కి కూడా ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేసే ఉంటారు. విజయనగరం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. పిల్లలందరూ నిలబడి ఉన్నారు, ఎదురుగా హెడ్మాస్టర్. మీరు చదువులో వెనకబడిపోతున్నారు, మేం మిమ్మల్ని కొట్టలేం, తిట్టలేం, చేతులు కట్టుకుని ఉండాల్సి వస్తోంది, ఈ అర్థం వచ్చేలా మాట్లాడి, పిల్లల ముందే సాష్టాంగపడ్డారు. లేచి చెవులు పట్టుకుని గుంజీలు తీశారు. పిల్లలు వద్దు సార్, వద్దు సార్ అని అరుస్తున్నారు. విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ కూడా ఆ వీడియో మీద స్పందించారు.

నిజం చెప్పాలంటే నేను మొదట నవ్వేశాను. మా పిన్ని గవర్నమెంట్ స్కూల్లో టీచర్. నవ్వుతున్న ఎమోజీ పెట్టి ఆవిడకి పంపించా. రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"ఏరా, నీకు నవ్వొస్తోందా? ఆయన ప్లేస్‌లో నేనున్నా ఏం చేసేదాన్నో నాకే తెలీదు."

"అది కాదు పిన్నీ, గుంజీలు తియ్యడమేంటి..."

"మరేం తియ్యాలి? నువ్వే చెప్పు. నా క్లాసులో ఒకడు పక్కవాడి చేతి మీద కంపాస్ ముల్లుతో గుచ్చాడు. కొట్టకూడదు. తిట్టకూడదు. బయట నిలబెట్టకూడదు. ఇంటికి పంపకూడదు. సరే, ఇవన్నీ కూడదు. ఏం చెయ్యాలో ఏ కాగితంలో రాసుందో చూపించు, చేస్తా."

ఆ కాగితం కోసం నేను రెండు వారాలు వెతికాను. ఈ ఎపిసోడ్ అంతా ఆ వెతుకులాటే. మన గవర్నమెంట్ స్కూళ్ళలో క్రమశిక్షణ గురించి చట్టం ఏం చెప్తోంది, ఏం చెప్పకుండా వదిలేసింది, చట్టంతో దీన్ని మార్చాలంటే అందులో ఏముండాలి. సెక్షన్ల నంబర్లు వస్తాయి, భయపడకండి. ఒక్కో నంబర్ వెనకాల ఒక పిల్లాడో పిల్లో ఉంటారు.

ముందు నా సంగతి. నేను ఎనిమిదో తరగతి చదివింది 2011లో, మా ఊరి హైస్కూల్లో. నేను క్లాస్ లీడర్ని. సార్ లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం నా పని. ఇంకో పని కూడా ఉండేది. చింత బరికె తేవడం. స్కూలు వెనక చెట్టు ఉండేది, ఆకులు దూసి, మరీ లేతది కాకుండా, మరీ ముదురుది కాకుండా విరిచి టేబుల్ మీద పెట్టాలి. ఆ సెలెక్షన్‌లో నాకు మంచి పేరుండేది. ఇప్పుడు చెప్తుంటే సిగ్గుగా ఉంది గానీ అప్పుడు గర్వంగానే ఉండేది.

మా క్లాస్‌మేట్ ఒకడుండేవాడు, పేరు వద్దు. రోజూ ఆలస్యంగా వచ్చేవాడు. పొద్దున్నే గేదె పాలు పితికి, పాల కేంద్రంలో పోసి, క్యాన్ ఇంట్లో పెట్టి పరిగెత్తుకొచ్చేవాడు. మొదటి పీరియడ్ లెక్కలు. రోజుకి రెండు దెబ్బలు, పిక్కల మీద. ఒక్కసారి కూడా ఎందుకు లేటు అని ఎవరూ అడగలేదు. మాకు తెలుసు, మేమూ చెప్పలేదు. దసరా సెలవుల తర్వాత వాడు రాలేదు. రిజిస్టర్‌లో పేరు మాత్రం చాలా రోజులుంది, హాజరు పిలిచినప్పుడల్లా ఎవరో ఒకరు "రాలేదు సార్" అనేవాళ్ళం.

2011 అన్నాను కదా, గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే అప్పటికి ఆ దెబ్బలు నిషేధంలోకి వచ్చి తొమ్మిదేళ్ళయింది.

అవును, తొమ్మిదేళ్ళు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరిలో జీవో నంబర్ 16 ఇచ్చింది. 1966 నాటి విద్యా నిబంధనల్లో 122వ రూల్ అని ఒకటుండేది, పిల్లల్ని కొట్టడానికి సంబంధించినది. దాన్ని మార్చి, అన్ని విద్యాసంస్థల్లోనూ కొట్టడం నిషేధం అన్నారు. ఇవాళ్టి తెలంగాణ అప్పుడు ఉమ్మడి రాష్ట్రంలోనే ఉంది కాబట్టి అక్కడి స్కూళ్ళకీ అదే. ఆ తర్వాత 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం, అదే ఆర్టీఈ, అమల్లోకి వచ్చింది. అందులో 17వ సెక్షన్ ఏ బిడ్డనీ శారీరకంగా శిక్షించకూడదు, మానసికంగా వేధించకూడదు అంటుంది. మా స్కూల్లో నాకు ఈ రెండిట్లో ఒక్కటీ ఎవరూ చెప్పలేదు. బరికె తెచ్చేవాడికి ఎవరు చెప్తారులెండి.

మా స్కూలు ఒక్కటే ఇలా అనుకోకండి. యంగ్ లైవ్స్ అని ఒక పెద్ద పరిశోధన ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి ఫాలో అవుతూ వచ్చింది. 2009లో అడిగినప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లల్లో 78 శాతం మంది, గడిచిన వారం రోజుల్లో టీచర్ మమ్మల్ని కొట్టారు అని చెప్పారు. ఎప్పుడైనా కొట్టారా అని అడిగిన ప్రశ్న కాదది, గడిచిన వారంలో కొట్టారా అని. జీవో వచ్చిన ఏడేళ్ళకి. అంతకుముందు 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో కూడా బడికెళ్ళే ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. కాగితం మీద నిషేధం ఉంది, క్లాసులో బరికె ఉంది. రెండూ ఒకే దేశంలో హాయిగా బతికేశాయి.

మన ఇళ్ళ సంగతి కూడా ఒప్పుకోవాలి ఇక్కడ. నన్ను బళ్ళో వేసిన రోజు మా నాన్న మాస్టారితో అన్న మాట: "కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడ కొట్టినా పర్లేదండీ." మీ నాన్నో తాతయ్యో కూడా ఇలాంటిదే అనుంటారు. మా తాతయ్యల కాలంలో కోదండం వేసేవారట, అంటే తాడుకి వేలాడదీసి కొట్టడం. మాకు గోడకుర్చీ. గోడకుర్చీ పేరు వినగానే తొడలు లాగేసేవాళ్ళు ఈ వీడియో చూస్తున్నారని నాకు తెలుసు. ఒక సరదా విషయం చెప్తా. జాతీయ బాలల హక్కుల కమిషన్ స్కూళ్ళ కోసం తయారుచేసిన మార్గదర్శకాల్లో శారీరక శిక్షల ఉదాహరణలు వరసగా ఇచ్చారు. అందులో గోడకి ఆనుకుని కుర్చీలా కూర్చోబెట్టడం ఉంది. బెంచీ ఎక్కించడం, తల మీద బ్యాగు పెట్టి నిలబెట్టడం, మోకాళ్ళ మీద కూర్చోబెట్టడం, జుట్టు లాగడం, గిచ్చడం అన్నీ ఉన్నాయి. మాటలతో అవమానించడం, కులం పేరుతో, ఇంట్లోవాళ్ళు చేసే పని పేరుతో ఎత్తిపొడవడం కూడా వేధింపే అని రాశారు. అంటే దెబ్బ పడకపోయినా శిక్షే.

ఇప్పుడు చట్టంలోకి వెళ్దాం. 17వ సెక్షన్‌లో రెండే వాక్యాలున్నాయి. మొదటిది ఇందాక చెప్పాను. రెండోది: ఎవరైనా దీన్ని ఉల్లంఘిస్తే, వాళ్ళకి వర్తించే సర్వీసు నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య ఉంటుంది. అంతే. అయిపోయింది.

ఈ రెండో వాక్యం దగ్గర కాస్త ఆగండి. సర్వీసు నిబంధనలు అంటే ఏంటి? ఉద్యోగి సెలవు పెట్టకుండా మానేస్తే మెమో ఇస్తారు చూడండి, ఆ నిబంధనలే. పిల్లాడి చెయ్యి వాచిందన్న ఫిర్యాదు, సంతకం పెట్టకుండా వెళ్ళిపోయారన్న ఫిర్యాదు, రెండూ ఒకే ఫైల్లోకి పోతాయి. విచారించేది ఎవరు? అదే శాఖ. పిల్లాడి మాట ఎవరు వింటారు, ఎన్ని రోజుల్లో తేలుస్తారు, ఆ లోపల వాడు అదే క్లాసులో అదే సార్ ముందు ఎలా కూర్చుంటాడు, ఈ సెక్షన్‌లో దేనికీ జవాబు లేదు.

మరి పోలీస్ కేసు పెట్టొచ్చా? పెట్టొచ్చు. గాయం చేస్తే మామూలు నేరాల చట్టం ఉంది. 2015 బాలల న్యాయ చట్టంలో 75వ సెక్షన్ ఉంది. పిల్లల బాధ్యత తీసుకున్న సంస్థలో పనిచేసేవాళ్ళు క్రూరంగా ప్రవర్తిస్తే ఐదేళ్ళ దాకా కఠిన జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. దీన్ని స్కూలు టీచర్ల విషయంలో ఎక్కడిదాకా వాడొచ్చన్న దాని మీద కోర్టుల్లో వాదనలు నడుస్తూనే ఉన్నాయి. ఇంకోవైపు పాత ఐపీసీలో 89వ సెక్షన్ ఉండేది. పన్నెండేళ్ళ లోపు పిల్లల మేలు కోసం, సంరక్షకుల సమ్మతితో, సదుద్దేశంతో చేసిన పని నేరం కాదని. మా నాన్న "కళ్ళు వదిలేసి" అన్నాడే, ఆ టైపు సమ్మతి అన్నమాట. చాలాకాలం టీచర్ల తరఫున ఈ వాదన నడిచింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, ఆ సెక్షన్ పోలేదు. 27వ నంబర్‌తో అందులోకి వచ్చి కూర్చుంది.

ఇప్పుడు బొమ్మ చూడండి. ఒక చివర మెమో, రెండో చివర జైలు. మధ్యలో ఏమీ లేదు. చిన్న విషయానికి జైలు మరీ ఎక్కువ, పెద్ద విషయానికి మెమో మరీ తక్కువ. అందుకే చాలా ఫిర్యాదులు ఊరి పెద్దల ముందు "పోనీలెండి"తో ముగుస్తాయి. కొన్ని మాత్రం వీడియో వైరలై, ఛానెల్ మైకులు వచ్చి, ఆ టీచర్‌ని అదే రోజు సస్పెండ్ చేసేదాకా వెళ్తాయి. ఏ కేసు ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. పిన్ని భయం అదే. పిల్లల భయమూ అదే.

తొమ్మిది, పది తరగతులవాళ్ళు ఇది వినండి. ఆర్టీఈ చట్టంలో బిడ్డ అంటే ఆరు నుంచి పద్నాలుగేళ్ళు. చదువు అంటే ఒకటి నుంచి ఎనిమిది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లాడినీ స్కూలు నుంచి బహిష్కరించకూడదని 16వ సెక్షన్ చెప్తుంది. ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చెయ్యొచ్చని 2019లో సవరించారు గానీ, బహిష్కరణ మీద నిషేధం అలాగే ఉంచారు. కాబట్టి ఏడో తరగతి పిల్లాడితో "టీసీ ఇచ్చి పంపేస్తా" అనడం ఉత్త బెదిరింపు, చట్టం ఒప్పుకోదు. కానీ వాడే తొమ్మిదిలోకి వచ్చి పదిహేనేళ్ళు నిండితే? 17 లేదు, 16 లేదు. పాత జీవో మాత్రం ఉంది. అసలు గొడవలన్నీ మొదలయ్యే వయసు అదే కదండీ. మీసాలు మొలిచే టైముకి చట్టం చెయ్యి వదిలేస్తోంది.

జీవో అన్నా చట్టం అన్నా ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. చట్టం అసెంబ్లీలోనో పార్లమెంటులోనో చర్చ జరిగి, ఓటింగ్ జరిగి వస్తుంది. మార్చాలంటే మళ్ళీ అక్కడికే వెళ్ళాలి. జీవో సచివాలయంలో సంతకంతో వస్తుంది, ఇంకో సంతకంతో పోగలదు. విద్య ఉమ్మడి జాబితాలో ఉంది, 1976లో 42వ రాజ్యాంగ సవరణతో అక్కడికి మార్చారు. అంటే ఈ విషయం మీద చట్టం చేసే అధికారం మన రాష్ట్రాల అసెంబ్లీలకి కూడా ఉంది. 1982 నాటి విద్యాచట్టం ఎలాగూ ఉంది, అందులో ఒక అధ్యాయం చేర్చినా చాలు.

ఏముండాలి ఆ అధ్యాయంలో? దీనికి నాకు ఐడియా వచ్చింది విచిత్రంగా ఒక పాత, చెడ్డ రూల్ చదివినప్పుడు. 1973 నాటి ఢిల్లీ స్కూల్ ఎడ్యుకేషన్ రూల్స్‌లో 37వ రూల్. అది కొట్టడాన్ని ఒప్పుకుంది. కానీ ఎలా ఒప్పుకుందో చూడండి. పెద్ద తప్పులకి మాత్రమే. కొట్టాల్సింది స్కూలు హెడ్ మాత్రమే. ఒంట్లో బాగోలేని పిల్లల్ని కొట్టకూడదు. బెత్తమైతే అరచేతి మీద మాత్రమే, పది దెబ్బలకి మించకూడదు. కొట్టిన ప్రతిసారీ ఆ విద్యార్థి ప్రవర్తన రిజిస్టర్‌లో రాయాలి. 2000 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఇందులో కొట్టడానికి సంబంధించిన భాగాన్ని కొట్టేసింది. గౌరవంగా బతికే హక్కు పిల్లలకీ ఉంది, ఇది రాజ్యాంగానికి విరుద్ధం అంది. కరెక్ట్ తీర్పు, నాకు ఏ అనుమానం లేదు.

కానీ ఒక్కటి గమనించండి. ఆ చెడ్డ రూల్లో ఎవరు, ఎప్పుడు, ఎంత, ఎక్కడ రాయాలి, అన్నీ ఉన్నాయి. కొట్టడానికి అంత పద్ధతి రాసినవాళ్ళు, కొట్టకుండా నడపడానికి అందులో సగం పద్ధతి కూడా చట్టంలో రాయలేదు. బెత్తంతో పాటు రిజిస్టర్ కూడా పోయింది. పిన్ని అడిగిన కాగితం అదే.

ఇక్కడ కాసేపు అమెరికా వెళ్ళొద్దాం. ఎందుకంటే అక్కడ ఈ మధ్యలో ఉండాల్సిన భాగాన్నే చట్టంలో రాయడానికి ప్రయత్నించారు, అదీ కుర్రాళ్ళు వెంటపడితే. అమెరికాలో అసలు కొట్టరు అనుకుంటాం మనం. అది నిజం కాదు. టెక్సస్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో గవర్నమెంట్ స్కూళ్ళలో కొట్టడాన్ని చట్టం ఇప్పటికీ ఒప్పుకుంటుంది. మా పిల్లని కొట్టొద్దు అని తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఇస్తే టెక్సస్‌లో కొట్టకూడదు. డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసు కదా, చాలామందికి ఈ సంగతే తెలీదు, ఎందుకంటే అక్కడి చాలా స్కూల్ డిస్ట్రిక్టులు సొంతంగానే మానేశాయి.

అక్కడ అసలు సమస్య వేరు. సస్పెన్షన్. బడి నుంచి ఇంటికి పంపేయడం. 1971లో ఒహాయోలోని కొలంబస్‌లో స్కూళ్ళలో గొడవలు జరిగి కొంతమంది విద్యార్థుల్ని పది రోజుల దాకా సస్పెండ్ చేశారు, ఏం జరిగిందని కూడా అడక్కుండా. వాళ్ళు కోర్టుకెళ్ళారు. గాస్ వర్సెస్ లోపెజ్ అని ఆ కేసు పేరు. 1975లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో చెప్పిందేంటంటే, చిన్న సస్పెన్షన్ అయినా సరే, నీ మీద ఆరోపణ ఇదీ అని పిల్లాడికి చెప్పాలి, వాడి వైపు కథ వినాలి. పెద్ద కోర్టు విచారణ అక్కర్లేదు, అక్కడికక్కడే మాట్లాడినా చాలు. కానీ వినాలి.

మా క్లాస్‌మేట్‌ని ఒక్కసారి ఎవరైనా వింటే? పాల క్యాన్ సంగతి చెప్పడానికి వాడికి అర నిమిషం పట్టేది.

తర్వాత అమెరికా మళ్ళీ వెనక్కి జారింది. 1994లో తుపాకీ తెచ్చినవాళ్ళని ఏడాది బహిష్కరించాలని చట్టం చేశారు. తుపాకీకి అది సమంజసమే. కానీ ఆ ఊపులో చిన్న చిన్న తప్పులకి కూడా "జీరో టాలరెన్స్" అని మొదలుపెట్టారు. పెద్ద తప్పా చిన్న తప్పా చూడరు, బయటకి గెంటేయడమే. నల్లజాతి పిల్లలే ఎక్కువగా బలయ్యారు. షికాగోలో స్కూలు పిల్లలే ఒక కూటమిగా చేరి, రాష్ట్ర రాజధానికి బస్సులేసుకుని వెళ్ళి, సాక్ష్యాలు చెప్పి, ఇల్లినాయ్ రాష్ట్రంలో 2015లో సెనేట్ బిల్ 100 పాసయ్యేలా చేశారు. 2016 సెప్టెంబర్ 15 నుంచి అమలు.

అందులో ఏముందో చెప్తా, మన దగ్గర లేనిది ఏంటో మీకే తెలుస్తుంది. మూడు రోజులకి మించి సస్పెండ్ చెయ్యాలంటే, అంతకుముందు వేరే మార్గాలు ప్రయత్నించి చూశామని స్కూలు చూపించాలి. ఆ పిల్లాడు బళ్ళో ఉంటే మిగతావాళ్ళకి ప్రమాదమో, చదువుకి పెద్ద ఆటంకమో అని కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. పోయిన పాఠాలు, పరీక్షలు మళ్ళీ రాసుకునే అవకాశం ఇవ్వాలి. శిక్షగా జరిమానా వెయ్యకూడదు. నాకు బాగా నచ్చింది ఇంకోటి: బడి మానేయమని సిబ్బంది ఏ పిల్లాడికీ సలహా ఇవ్వకూడదు, ప్రోత్సహించకూడదు. "నీకు చదువెందుకురా, గేదెలు కాసుకో" అనే మాట అక్కడ చట్టవిరుద్ధం. ఈ డైలాగ్ మీరు ఎన్నిసార్లు విన్నారు?

అలాగని అక్కడ అంతా బంగారం అయిపోలేదు. సస్పెన్షన్లు తగ్గాయి గానీ, జాతి తేడా పూర్తిగా పోలేదు. టీచర్లు అన్నది కూడా న్యాయమే: చెయ్యకూడనివి చట్టంలో రాశారు, చెయ్యడానికి మనుషుల్నీ డబ్బునీ సరిపడా ఇవ్వలేదు అని. ఈ మాట మా పిన్ని మాటలాగే లేదూ?

సరే, మళ్ళీ మన ఊరొద్దాం. నాకు అర్థమైనంతలో చెప్తున్నా, నేను లాయర్ని కాదు. మన రాష్ట్ర చట్టంలో మొట్టమొదట రావాల్సింది పదో తరగతి దాకా రక్షణ. పద్నాలుగేళ్ళకి ఆపడంలో ఏ న్యాయమూ లేదు. తర్వాత రావాల్సింది మెట్లు. తప్పు జరిగింది. మొదటి మెట్టు, పిల్లాడిని పక్కకి పిలిచి వినడం, ఏం విన్నారో రెండు లైన్లు రాయడం. రెండోది, ఇంట్లోవాళ్ళని పిలవడం, అదీ అవమానించడానికి కాదు. మూడోది, పాడుచేసింది బాగుచేయించడం. కంపాస్‌తో గుచ్చిన పిల్లాడు, గుచ్చించుకున్నవాడు, ఇద్దరూ ఒక పెద్దమనిషి ముందు కూర్చోవడం. దానికీ లొంగకపోతే కౌన్సెలర్. కౌన్సెలర్ అంటే వార్డు కౌన్సిలర్ కాదండోయ్, పిల్లల మనసు తెలిసి మాట్లాడేవాళ్ళు. 2020 జాతీయ విద్యావిధానంలో స్కూళ్ళకి కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు ఉండాలని రాశారు. విధానం అంటే ఉద్దేశం మాత్రమే, చట్టం కాదు. ఒక మండలానికి ఒక్కరైనా ఉండాలని చట్టంలో రాస్తే అప్పుడు బడ్జెట్‌లో లైను పడుతుంది. బడ్జెట్‌లో లైను లేని హక్కు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

అసలు గొడవ అంతా టీచర్ రక్షణ దగ్గర వస్తుంది. ఈ మెట్లు పాటించిన టీచర్‌కి చట్టం అండగా ఉండాలి. ఎవరో పదిహేను సెకన్ల క్లిప్ తీసి పెడితే అదే రోజు సస్పెండ్ చెయ్యకూడదు. రికార్డు చూడాలి. 2025 మార్చిలోనే కేరళ హైకోర్టు, టీచర్ల మీద ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు కేసు పెట్టేముందు ప్రాథమిక విచారణ చెయ్యాలంది. ఆ మాటవరకు నాకు ఒప్పే. కానీ అదే సందర్భంలో, వాడకపోయినా టీచర్ చేతిలో బెత్తం ఉంటే మంచిదన్నట్టు కూడా అన్నారు. అక్కడ నేను ఒప్పుకోను. బరికె తెచ్చినవాణ్ణి కదా, టేబుల్ మీద ఉన్న బరికె ఏం చేస్తుందో నాకు తెలుసు. దెబ్బ పడకముందే అరచేతులు చెమటలు పడతాయి. ఆ చెమటలో ఏ లెక్కా ఎక్కదు.

పిన్నికి ఇదంతా ఫోన్లో చెప్పాను. మొత్తం విని, "మెట్లు బాగున్నాయి. మా స్కూల్లో ఎంతమందిమో తెలుసా? ఐదు క్లాసులకి ఇద్దరం. నేను ఒకణ్ణి పక్కకి పిలిచి వింటుంటే మిగతా నలభై మందిని ఎవరు చూస్తారు?" అంది. ఆర్టీఈ చట్టమే ప్రైమరీలో 30 మందికి ఒక టీచర్ ఉండాలంది. అదే చట్టంలో 27వ సెక్షన్, జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప టీచర్లకి వేరే పనులు అప్పజెప్పకూడదంది. ఆమధ్య టీచర్ల చేత మరుగుదొడ్ల ఫొటోలు తీయించి యాప్‌లో పెట్టించేవారు, అది ఈ మూడిట్లో దేనికిందికి వచ్చేదో నాకైతే అర్థం కాలేదు. క్రమశిక్షణ చట్టం అంటూ విడిగా ఏం రాసినా, ఈ రెండు సెక్షన్లు అమలు కాకుండా అది నడవదు. పిన్ని మాటకి నా దగ్గర ఇంతకన్నా మంచి జవాబు లేదు.

చట్టం మారేదాకా ఇప్పుడున్నదాంట్లో ఏం చెయ్యొచ్చు? ఇది చాలామంది అడిగారు. ఎనిమిది లోపు పిల్లల విషయమైతే ఆర్టీఈ 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు, మూడు నెలల్లో, రెండు వైపులా విని, తేల్చాలి. తేల్చింది నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి అప్పీలు. తేదీ వేసి ఇవ్వండి, ఒక కాపీ మీద ముట్టినట్టు సంతకం తీసుకోండి. అర్జెంటుగా పిల్లలకి సాయం కావాలంటే 1098, డబ్బులు పడవు, ఏ ఫోన్ నుంచైనా చెయ్యొచ్చు. మీ తమ్ముడో చెల్లెలో గవర్నమెంట్ బళ్ళో చదువుతుంటే ఆ నంబర్ వాళ్ళ నోట్‌బుక్ అట్ట లోపల రాసి ఉంచండి. మొదట వీడియో తీసి స్టేటస్‌లో పెట్టకండి. ఆ పిల్లాడి మొహం ఊరంతా తిరుగుతుంది, రేపు వాడు అదే బడికి వెళ్ళాలి.

మా క్లాస్‌మేట్ సంగతి అడుగుతారు మీరు, తెలుసు. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పాల కేంద్రం దగ్గర కలిశాడు. ఇప్పుడు ఆ కేంద్రం నడిపేది వాడే, వెన్న శాతం చూసే మిషన్ వాడి టేబుల్ మీద ఉంది. కూతురు మూడో తరగతి, అదే ఊరి ప్రైమరీ స్కూలు. నేను ఈ ఎపిసోడ్ గురించి చెప్పి, బరికె సంగతి ఎత్తి, సారీరా అన్నాను. వాడు కాసేపు మిషన్ వైపే చూసి, "నువ్వు కాకపోతే ఇంకోడు తెచ్చేవాడు లేరా" అన్నాడు. తర్వాత, "అది సరే గానీ, ఆ రాసిచ్చే కాగితం ఎవరికివ్వాలన్నావ్?" అని అడిగాడు.

మండల విద్యాధికారి ఆఫీసులో మొదలుపెట్టమని చెప్పాను. ఏమైందో, కాగితం ఎక్కడిదాకా వెళ్ళిందో, వాడు సరేనంటే వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను. ఉంటాను మరి.